కాకీమా పట్టుకున్న తెర

పందిట్లో పెళ్లి జరుగుతుంటే మా పక్కింటి బెంగాలీ పిన్ని, కాకీమా, లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని మంచం పట్టె మీద కూర్చుంది. పెళ్లి వేరెవరిదో కాదు, ఆవిడ పెద్దకూతురిదే. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కన్నతల్లి ఇలా చీకట్లో కూర్చోవడమేమిటో అర్థంకాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.

"జ్వరం కాదే పిల్లా. బిడ్డ పెళ్లి తల్లి చూడకూడదు. మా ఆచారం అంతే" అంది బెంగాలీలో. కాసేపాగి నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చూసొచ్చి నాకు చెప్తావా?" అని అడిగింది.

ఆ రాత్రి పందిరికీ ఆ గదికీ మధ్య నేను తిరిగిన తిరుగుడు ఇన్నేళ్లయినా నా కాళ్లు మర్చిపోలేదు.

ఇది 1978లో, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. మా తాతగారి రోజుల్లోనే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని వచ్చి అక్కడ స్థిరపడ్డాం. నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్. మాలాంటి తెలుగువాళ్లు ఆ ఊళ్లో ఎంతమందంటే, గోల్‌బజార్‌లో బేరం తెలుగులో మొదలుపెట్టి తెలుగులోనే ముగించొచ్చు. మా క్వార్టర్స్ వరసలో మాత్రం ఒక పక్క కాకీమా వాళ్లు, ఇంకో పక్క సర్దార్జీ కుటుంబం, ఎదురుగా ఉర్దూ మాట్లాడే గార్డుగారి ఇల్లు, వెనక వరసలో రైల్వే ఆసుపత్రిలో పనిచేసే మలయాళీ నర్సు ఆంటీ. ఏ ఇంట్లో పెళ్లయినా వరస మొత్తానికి పెళ్లే. మంచాలు, గంగాళాలు, నీళ్ల డ్రమ్ములు ఇంటింటి నుంచీ వెళ్లేవి. చుట్టాలు పడుకోవడానికి మా ముందుగది ఇచ్చేసి మేం నానమ్మ గదిలో సర్దుకునేవాళ్లం.

మగపెళ్లివారు రైల్లో వస్తే స్టేషన్‌కి వెళ్లడం పిల్లల పని. మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 1072 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని మేం గొప్పగా చెప్పుకునేవాళ్లం. 2013లో గోరఖ్‌పూర్‌ది దాన్ని దాటేసిందని పేపర్లో చదివినప్పుడు సొంత మనిషికేదో అయినట్టు అనిపించింది. పెళ్లివారి పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలియక ఆ చివర నుంచి ఈ చివరకి పూలదండల బుట్టతో పరిగెత్తేవాళ్లం. చేరేసరికి సగం రేకులు రాలిపోయి ఉండేవి.

పెద్ద దీదీ పెళ్లికి మగపెళ్లివారిది పక్క ఊరే. పొద్దున్నే పసుపు వచ్చింది. వరుడికి రాసిన పసుపులో మిగిలింది తెచ్చి వధువుకి రాస్తారు. పసుపుతో పాటు పళ్లేల్లో చీరలు, మిఠాయిలు, వాటి మధ్య ఓ పెద్ద రోహు చేప. ఆ చేపకి చిన్న ఎర్రచీర చుట్టి, ముక్కుపుడక పెట్టి, అచ్చం పెళ్లికూతురిలా ముస్తాబు చేశారు. గుమ్మంలోంచి చూస్తున్న నానమ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది. సాయంత్రం దాకా ఎవరొచ్చినా ఆ చేప గురించే చెప్పింది.

రాత్రి లగ్నానికి వరుడు తల మీద తెల్లటి టోపర్ పెట్టుకుని వచ్చాడు. షోలా అని చిత్తడి నేలల్లో పెరిగే మొక్క కాండంలోని తెల్లటి బెండుతో చేస్తారు దాన్ని. విడిదింట్లో ఎవరూ చూడకుండా ఒకసారి ఎత్తి చూశాను. చూడ్డానికి గుడి గోపురమంత ఠీవిగా ఉంది, చేతిలోకి తీసుకుంటే ఎండిన ఆకంత బరువు కూడా లేదు.

ఆ తర్వాత దీదీని తీసుకొచ్చారు. నడిపించి కాదు. చెక్కపీట మీద బాసింపట్టు వేయించి కూర్చోబెట్టి, అన్నదమ్ములు నలుగురు పీటతో సహా ఎత్తుకొచ్చారు. రెండు చేతుల్లో రెండు తమలపాకులు పట్టుకుని మొహం కప్పుకుంది. నిలబడ్డ వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పారు. సాత్ పాక్ అంటారు. నేను మరీ దగ్గరగా ఉన్నానేమో, ప్రతి చుట్టుకీ ఆ ఆకుల అంచులు కొంచెంగా వణకడం కనిపించింది. పీట మోస్తున్న చిన్నన్న మెడ మీద చెమట కారి చొక్కా కాలర్‌లోకి పోతోంది. ఆకుల చాటునుంచి ఏమీ కనిపించదు కదా, ఎవరి చుట్టూ తిరుగుతోందో దీదీకి ఎలా తెలుస్తుందని భయం వేసింది నాకు. ఏడో చుట్టు అయ్యాక పీటని వరుడికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. ఎవరో "చూడు, చూడు" అన్నారు. ఆకులు మెల్లగా కిందికి దిగాయి. ఒక్కసారిగా శంఖాలు, ఆడవాళ్ల ఉలుధ్వని. దాన్నే శుభదృష్టి అంటారని తర్వాత తెలిసింది.

నేను లోపలికి పరుగు.

"కాకీమా, ఆకులు తీసేసింది!"

"హేషేఛే?" అంది. నవ్విందా అని.

నేను అది చూడలేదు. నా చూపంతా ఆకుల మీదే ఉండిపోయింది. మళ్లీ పరుగెత్తుకెళ్లేసరికి దీదీ తల దించుకుని ఉంది, దండలు మార్చుకుంటున్నారు. తిరిగొచ్చి, "నవ్వింది" అని చెప్పాను. కాకీమా కొంగుతో మొహం తుడుచుకుని, నా జడ ముందుకు వేసి, రిబ్బను విప్పి మళ్లీ కట్టింది. నా రిబ్బను ఊడిపోలేదు.

మర్నాడు అప్పగింతలు. గుమ్మం దగ్గర దీదీ చేతి నిండా బియ్యం పోశారు. కాకీమా వెనకాల నిలబడి కొంగు చాపింది. దీదీ వెనక్కి తిరగకుండా తల మీదుగా మూడుసార్లు బియ్యం విసిరింది. అలా విసురుతూ "నీ ఋణం తీర్చేశానమ్మా" అనాలి. కనకాంజలి అంటారు దాన్ని. ఆ మాట అంటున్నప్పుడు దీదీ గొంతు పూడుకుపోయి సగమే వినిపించింది. నిన్న పెళ్లి చూడని తల్లికి ఈరోజు కనిపించింది కూతురి వీపు. ఈ మధ్య కొందరు అమ్మాయిలు, తల్లి ఋణం తీరేదేమిటి, ఆ మాట మేమనం అని గట్టిగా చెప్తున్నారని విన్నాను. ఆ అమ్మాయిలంటే నాకు చాలా ఇష్టం. ఆచారాలన్నిటినీ ప్రేమించే నాకు అదొక్కటే మింగుడుపడలేదు.

ఆ పెళ్లయిన దగ్గర్నుంచీ ఏ పెళ్లికెళ్లినా మొహం దాచే ఘడియ కోసమే వెతుక్కునేదాన్ని. మాకేమో తెరసెల్లా ఉండనే ఉంది. మేనమామ బుట్టలో కూర్చోబెట్టి తీసుకొచ్చిన పిల్లని తెరకి ఇవతల, వరుణ్ణి అవతల కూర్చోబెట్టడం, సుముహూర్తానికి ఒకరి నడినెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టడం, గట్టిమేళం, తెర దించడం, అప్పుడు చూసుకోవడం. నానమ్మకి తొమ్మిదో ఏట పెళ్లయింది, 1924లో. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి కుదరదన్న శారదా చట్టం వచ్చింది 1929లో, అంటే ఐదేళ్లు ముందే ఆవిడ కాపురానికి కట్టుబడిపోయింది. "తెర దించేతలికి నేను నిద్దరోతన్నానటే. మా మావయ్య గడ్డం పట్టుకుని లేపితే ఎదురుగా ఎవరో అబ్బాయి ఏడుస్తన్నాడు" అనేది. తాతయ్యకి అప్పుడు పద్నాలుగు. ఆవిడ ఇది చెప్తూ నవ్వేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఎదురింటి గార్డుగారి అమ్మాయిని మేం ఆపా అనేవాళ్లం. ఆపా నిఖా నాటికి నాకు పన్నెండేళ్లు. ఆడవాళ్ల గదిలో ఆపా పక్కనే చోటు దొరికింది. వరుడు ఎక్కడో బయట షామియానాలో. గది గుమ్మానికి పరదా కట్టి ఉంది. కాసేపటికి ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని, పెళ్లికూతురి తరఫున మాట్లాడే వకీల్‌గా ఉన్న పెద్దాయన పరదా అవతలికి వచ్చి నిలబడ్డారు. ఫలానా వారి కొడుకు ఫలానా, ఇంత మెహర్‌కి నిన్ను నిఖా చేసుకుంటానంటున్నాడు, నీకు సమ్మతమేనా అని అడిగారు. గదిలో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆపా మాట్లాడలేదు. వాళ్లమ్మ తొందరపెట్టలేదు, ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను, ఇరవై దాటింది. అప్పుడు "కుబూల్" అంది, దగ్గరున్న నాకే సరిగ్గా వినిపించనంత మెల్లగా. బయట ఖుత్బా చదివారు, ఖర్జూరాలు పంచారు.

మెహర్ ఏమిటని చాచీని, అంటే ఆపా వాళ్లమ్మని, అడిగితే, "అది పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సింది. అది దానిదే. వాళ్ల నాన్నది కాదు, మొగుడిదీ కాదు" అని విడమరిచి చెప్పింది. ఇంటికొచ్చాక నానమ్మని అడిగాను: మన పెళ్లిళ్లలో పిల్లని ఎవరూ అడగరేం అని. పీటల మీద మంత్రాలన్నీ తండ్రికీ వరుడికీ మధ్యే నడుస్తాయి కదా. నానమ్మ చాలాసేపు తమలపాకు ఈనెలు తీస్తూ ఉండిపోయింది. "అడిగితే ఏటి సెప్తానో నాకే తెలీదే" అంది చివరికి.

ఆ రాత్రే ఆర్సీ ముస్హఫ్. వధూవరులిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి తలల మీద ఎర్రటి దుపట్టా కప్పారు. మధ్యలో ఖురాన్, దాని దగ్గర అద్దం. నేరుగా మొహం చూడటం కాదు, మొదట అద్దంలో చూడాలి. నేను పక్కనుంచి తొంగి చూస్తే ఆ అద్దం నా వైపు కొంచెం వాలి, అందులో ఆపా ముక్కుపుడక, సగం పెదవి, పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు కనిపించాయి. దుపట్టా కింద ఆ అబ్బాయి ఏదో అన్నాడు. ఆపా మోచేత్తో చిన్నగా పొడిచింది. అంతసేపూ బిగపట్టుకున్న గది అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

సర్దార్జీ ఇంట పెళ్లి గురుద్వారాలో పొద్దున్నే అయిపోయింది. తెర లేదు, ఆకు లేదు, అద్దం లేదు. వరుడి మొహం మీద వేలాడే సెహ్రా కూడా గురు గ్రంథ్ సాహిబ్ ముందు కూర్చోకముందే తీయించేశారు. వధువు తండ్రి వరుడి భుజం మీది గుడ్డ, పల్లా, చివర తెచ్చి కూతురి చేతికి ఇచ్చాడు. ఒక్కొక్క లావాఁ, అంటే పెళ్లి పద్యం, చదువుతుంటే ఒక్కొక్కసారి, మొత్తం నాలుగు ప్రదక్షిణలు. మధ్యలో అన్నదమ్ములు అక్కడక్కడ నిలబడి చెల్లెల్ని భుజం పట్టి ముందుకు సాగనంపుతుంటే దాచుకోవడానికేముంది ఇక్కడ అనిపించింది. తెర కోసం వెతికిన నాకు మొదట చప్పగా అనిపించిన పెళ్లి, తర్వాత తర్వాత ఎక్కువగా గుర్తొస్తోంది.

నర్సు ఆంటీ పెళ్లి కేరళలోనే అయిపోయింది కాబట్టి నేను చూడలేదు. వాళ్లు సిరియన్ క్రైస్తవులు. ఒక ఆదివారం మెడలోని మిన్ను చూపించింది. ఆకు ఆకారంలో చిన్న బంగారు బిళ్ల, దాని మీద గుళ్లతో శిలువ. పెళ్లిలో అది కట్టే తాడు కొన్నది కాదట. పెళ్లికొడుకు పెట్టే మంత్రకోడి చీరలోంచి ఏడు పోగులు లాగి పేనుతారట. తాళి కట్టాక, తెల్లటి మేలిముసుగు తీసేసి ఆ చీరనే తల మీద కప్పుతారట. ఏడు పోగులు తీసిన చీర అంచు దగ్గర సన్నటి గీత పడింది. దాని మీద వేలు పెట్టి చూపించింది ఆంటీ.

నా పెళ్లయ్యాక ఆయన ఉద్యోగంతో పుణె వెళ్లాం. అక్కడ మొదటిసారి అంతర్‌పాట్ చూసినప్పుడు నాకు మా వాళ్లనే చూసినట్టు అయింది. కుంకుమతో స్వస్తిక్ గీసిన తెల్లటి గుడ్డ. అటు ఇటు ఇద్దరు పట్టుకుంటారు. అక్కడా అమ్మాయిని తీసుకొచ్చేది మేనమామే. మంగళాష్టకాలు ఒక్కొక్కటీ పాడటం, ప్రతి చరణం చివరా "సావధాన్" అనడం, అందరూ అక్షతలు వేయడం. ఆ "సావధాన్" మాట విని, జాగ్రత్త పడమంటున్నారు కదా అని పీటల మీద నుంచి లేచి వెళ్లిపోయి సమర్థ రామదాసు సన్యాసి అయ్యాడని పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెవిలో చెప్పింది. మహారాష్ట్రలో ఆ కథ తెలియనివాళ్లు లేరట. నేను వెంటనే వరుడి వైపు చూశాను. కదలకుండా కూర్చున్నాడు పాపం, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ముంబైలో నాతో పనిచేసిన పార్సీ స్నేహితురాలి పెళ్లి ఒక బాగ్‌లో సాయంత్రం పూట అయింది. వాళ్ల పురోహితులు, దస్తూర్లు, తెల్లటి బట్టల్లో ఉన్నారు. ఇద్దర్నీ ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెట్టి మధ్యలో తెర పట్టారు. తెర కిందుగా చేతులు కలిపి, ఇద్దరి చుట్టూ ఏడుసార్లు దారం చుట్టారు. ఇద్దరి చేతుల్లోనూ బియ్యం. తెర దిగిందో లేదో, ఎవరు ముందు విసిరితే వాళ్లదే పైచెయ్యి! నా స్నేహితురాలు తెర ఇంకా పూర్తిగా దిగకముందే విసిరేసింది. ఆడవాళ్లంతా చప్పట్లు. నేను కుర్చీలోంచి లేచి నిలబడి మరీ కొట్టాను. మా తలంబ్రాలు ఇక్కడికెలా వచ్చాయి, లేక వీళ్లవే మా దగ్గరికి వచ్చాయా అని రైల్లో ఇంటికెళ్తూ దారంతా ఆలోచించాను. దొరికిన జవాబేమీ లేదు. కానీ ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాను.

అన్నిటికంటే నన్ను ఆపేసింది మాత్రం అమెరికాలో చూసిన పెళ్లి. మా అమ్మాయి చదువుకునే చోట దాని స్నేహితురాలిది. యూదులు. అక్కడ తెర ఆట తిరగబడింది. స్నేహితులు పాడుతూ, గంతులేస్తూ వరుణ్ణి వధువు దగ్గరికి తీసుకొచ్చారు. అతను ముందు ఆమె మొహం బాగా చూశాడు. చూసి, తన చేత్తో మేలిముసుగు కిందికి దించాడు. బైబిల్లో యాకోబు కథ ఉంది కదా. రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేస్తే, ముసుగులో లేయాని ఇచ్చి పెళ్లి చేశారు. అప్పట్నుంచీ ముందే చూసుకోవడం అని మా అమ్మాయి చెప్పింది. ఆ తర్వాత నాలుగు కర్రల మీద నిలిపిన పందిరి కింద వధువు వరుడి చుట్టూ ఏడుసార్లు తిరిగింది.

ఏడు. వరుడు మధ్యలో నిలబడి ఉన్నాడు. వధువు మొహం మీద ముసుగు. నాకు ఖరగ్‌పూర్‌లో చిన్నన్న మెడ మీద చెమట గుర్తొచ్చింది. ఐదో చుట్టుకి నా కళ్లు నిండిపోయాయి. పక్కనున్న తెల్లావిడ, నన్ను పెళ్లికూతురి దగ్గర చుట్టమనుకుందేమో, కాగితం రుమాలు ఇచ్చింది.

ఇప్పటి పిల్లలు నెలల తరబడి ఫోన్లలో మాట్లాడుకునే పీటల మీదికి వస్తున్నారు, ఇంకా తెర ఎందుకని కొందరు అడుగుతారు. నేను చూసినంతలో, ఎంత మాట్లాడుకున్నవాళ్లైనా తెర పట్టగానే మాట ఆగిపోతుంది. రోజూ చూసే మొహమే అయినా, గుడ్డ అవతల ఉందంటే మెడ దానంతటదే నిటారవుతుంది. నాకు బాధ కలిగించేది ఫొటోగ్రాఫర్లు. "ఒక్క నిమిషం, తెర మళ్లీ పైకి ఎత్తండి, ఇంకోసారి" అంటారు. ఆ చూపు ఇంకోసారి వచ్చేది కాదు. మా అమ్మాయి పెళ్లిలో ఈ ఒక్క విషయానికే గొడవపడ్డాను. ముహూర్తం ఘడియలో మాత్రం ఎవరూ ఏమీ ఆపమనకూడదని ముందురోజే చెప్పి ఒప్పించాను.

నా పెళ్లి 1992లో, అదే కాలనీలో, అదే క్వార్టర్స్ ముందు షామియానాలో. నానమ్మ అప్పటికి పోయింది. తెర పట్టడానికి ఒక పక్క మా పెద్దత్త నిలబడింది. ఇంకో కొస పట్టుకోవాల్సిన చిన్నత్త సమయానికి ఎక్కడో వంటవాళ్ల దగ్గర చిక్కుకుపోయింది. పురోహితుడు గడియారం చూస్తున్నాడు. మొదటి వరసలో కూర్చున్న కాకీమాని అమ్మ పిలిచింది. "నేనా?" అంది కాకీమా. చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి, మాకెవరికీ చేతకానంత పద్ధతిగా, ఆ కొసని రెండు చేతులతో పట్టుకుంది. ఆవిడ శంఖం గాజులు నా చెవి దగ్గర చిన్నగా తగులుకుని చప్పుడు చేశాయి.

జీలకర్ర బెల్లం ముద్ద నా నెత్తిన చల్లగా తగిలింది. నాది ఆయన నెత్తిన సరిగ్గా పడిందో లేదో చూసుకునే వీల్లేదు, తెర పైనుంచి చెయ్యి చాపి తడుముకుంటూ పెట్టాను. గట్టిమేళం మొదలైంది. పెద్దత్త పక్క తెర చప్పున దిగిపోయింది. కాకీమా పక్క మాత్రం మెల్లగా, తమలపాకులు దిగినంత మెల్లగా దిగింది. ఆ ఏటవాలు గుడ్డ మీదుగా ముందు ఆయన బాసికం, తర్వాత కళ్లు కనిపించాయి. నా మెడ బిగుసుకుపోయి ఉంది, కళ్లు మండుతున్నాయి. నవ్వినట్టు నాకైతే గుర్తు లేదు.

నా వెనకాల నిలబడ్డ అమ్మకి కన్నీళ్లతో ఏమీ కనిపించలేదట. కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ, తనకొచ్చిన ముక్కలు ముక్కల బెంగాలీలో అడిగింది.

"హేషేఛే, దీదీ?"

కాకీమా మడతపెడుతున్న తెరని గుండెకి హత్తుకుని ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆ తర్వాత అమ్మకి తెలుగులో చెప్పింది.

"నవ్విందమ్మా. నవ్వింది."